మేస్త్రి ఆపిన స్విచ్

ఆ ఇంటి ముందు గది నాకు అద్దెకిచ్చేటప్పుడు మేస్త్రి భార్య ఒక్క మాట చెప్పి మరీ తాళంచెవి చేతిలో పెట్టింది. "మా ఆయన గోడలతో మాట్లాడుతున్నాడని అనుకోకండి బాబాయిగారూ, ఆయన ఉద్యోగమే అది."

నేను ఏ ఊళ్లోనూ ఎక్కువ కాలం ఉండేవాణ్ణి కాదు. పుస్తకాల పెట్టె దించుకుని నాలుగు నెలలుంటాను, కాళ్లు దురద పెడితే మళ్లీ పెట్టె ఎత్తుకుంటాను. ఇన్ని ఊళ్లలో ఇన్ని అద్దె గదుల్లో గోడలతో మాట్లాడేవాళ్లను చాలామందిని చూశాను. కొందరికి గోడలే తిరిగి జవాబు చెప్పేవి. అందుచేత నాకేమీ కొత్తగా అనిపించలేదు. మర్నాడు పొద్దున మేస్త్రి పని మొదలుపెట్టాక గాని సంగతి బోధపడలేదు.

మేస్త్రి ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి గీజర్లు, వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఒకసారి ఎవరింట్లోనో స్టూలు మీంచి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, పట్టు మాత్రం తిరిగి రాలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వేళ్లు వణికేవి. చేతిపనితో బతికేవాడికి చెయ్యి పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. చాలాకాలం వసారాలో కూర్చుని వీధిలో పోయేవాళ్ల చేతులకేసి చూస్తూ గడిపాడట.

అప్పుడు ఆదుకున్నది బావమరిది. వీధి చివర సెల్‌ఫోన్లు అమ్మి, పగిలిన అద్దాలు మార్చే కొట్టు అతనిది. నోరు ఊరుకునే రకం కాదు. ఫోన్‌లో సలహాలు అమ్మే ఆన్‌లైన్ కంపెనీ ఒకటి ఉందని, అందులో డాక్టర్లు, వకీళ్లు, జాతకాలు చెప్పేవాళ్లు, కుక్కలకు మర్యాద నేర్పేవాళ్లు అందరూ ఉన్నారని, యంత్రాలకు మాత్రం మనిషి కరువుగా ఉన్నాడని చెప్పి, బావ ఫొటో తీసి, పేరు పక్కన 'గృహోపకరణ నిపుణుడు' అని రాయించి ఎక్కించేశాడు.

"మా బావ ఇన్నాళ్లూ చేతుల్తో బతికాడు, ఇకమీదట నోటితో బతుకుతాడు. మా అక్క రెండూ ఎప్పట్నించో ఆడిస్తోంది గాని, దానికి ఒక్క కంపెనీ కూడా ఫోన్ చెయ్యలేదు" అన్నాడు నాతో మొదటి పరిచయంలోనే.

"నీ కొట్టు ముందు నిలబడి ఆడిస్తాను ఉండు, ఎంతమంది వస్తారో చూద్దువుగాని" అంది అక్క, నోట్లో దారం కొరుకుతూ. ఆవిడ పాంట్లు కురచ చెయ్యడం, జిప్పులు మార్చడం చేస్తుంది. కుట్టు మిషను ముందు కూర్చుంటే ఇంటి మొత్తం మీద ఆవిడకు తెలియకుండా చీమ కదలదు.

మేస్త్రి పనిగది నడిమి గదే. అంత చిత్రమైన గదులు నేను చాలా తక్కువ చూశాను. ఒక మూల తలుపూడిన వాషింగ్ మెషీను. దాని పక్కన వీపు మనవైపు తిప్పుకుని నిలబడ్డ ఫ్రిజ్. గోడకు ఎత్తులో బిగించిన తెల్లటి గీజరు, దానికింద ఎక్కడికీ పోని రెండు పైపులు. అన్నీ చచ్చిపోయిన యంత్రాలే. పాతసామాన్ల వాడి దగ్గర ఏరుకొచ్చి పెట్టుకున్నాడు. ఫోన్ రాగానే కుర్చీలోంచి లేచి, అడిగిన యంత్రం ఏదో దాని ముందుకు వెళ్లి నిలబడేవాడు. అవతలివాళ్లు చెబుతుంటే ఎడమచేత్తో తడిమేవాడు. చేతికి తగిలితే గాని ఆయన నోటికి మాట వచ్చేది కాదు. "ఇప్పుడు కింద మూలన ఒక గుండ్రటి మూత ఉంటుంది చూడండి" అంటున్నప్పుడు ఆయన వేళ్లు ఆ మూత మీదే ఉండేవి. అవతల ఏ ఊళ్లోనో ఏ గదిలోనో ఎవరో వంగి ఆ మూతే తిప్పుతూ ఉండేవారు.

పూర్వం అంతఃపురాల్లో రాణివాసపు స్త్రీల నాడి చూడవలసి వస్తే వైద్యుడు తెర ఇవతల కూర్చునేవాడట. ఆమె మణికట్టుకు కట్టిన దారం రెండో కొస పట్టుకుని, అది అదిరే తీరును బట్టి జబ్బు చెప్పేవాడట. ఎక్కడో చదివాను, నిజమో కట్టుకథో తెలీదు. ఎవరో కొంటెవాళ్లు ఆ దారాన్ని పిల్లి కాలికి కట్టారని, వైద్యుడు మొహం ముడుచుకుని "ఈమెకు ఎలుకలు పెట్టండి" అన్నాడని కూడా అందులోనే ఉంది. మేస్త్రికి ఈ కథ చెబితే కడుపుబ్బ నవ్వి, "మా దారానికి ఇంకో తిరకాసుంది బాబాయిగారూ. మధ్యలో కంపెనీవాడు కత్తెర పట్టుకుని కూర్చుంటాడు" అన్నాడు.

అది నిజమే. ఫోన్ చేసేవాళ్లు ముందుగా కంపెనీకి కొంత సొమ్ము కట్టి నిమిషాలు కొనుక్కుంటారు. అవి అయిపోతే మాట నోట్లో ఉండగానే తెగిపోతుంది. వాళ్ల నంబరు మేస్త్రికి కనిపించదు, ఆయన నంబరు వాళ్లకు కనిపించదు. పేరు, ఊరు అడగడం నేరం. వాళ్లు మళ్లీ ఈయన్నే ఎంచుకుంటే మాట కలుస్తుంది, ఈయన ఎంచుకోవడానికి మాత్రం వీల్లేదు. మాట అయ్యాక వాళ్లు మార్కుల్లా నక్షత్రాలు ఇస్తారు. ఆ నక్షత్రాలను బట్టి, ఎత్తకుండా వదిలేసిన ఫోన్లను బట్టి, నిపుణుల వరసలో మేస్త్రి బొమ్మ పైకో కిందికో జరుగుతూ ఉంటుంది. సముద్రపు ఒడ్డున జెండా ఊపి ఓడకు దారి చూపేవాణ్ణి ఒక రేవులో చూశాను. అతనికి కనీసం ఓడైనా కనబడేది.

ఒక మధ్యాహ్నం నేను గడప దగ్గర కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను. మేస్త్రికి ఒక చెవి సరిగా వినబడదు కనుక ఫోన్ స్పీకరులోనే పెట్టి మాట్లాడతాడు. అందువల్ల ఆ ఇంట్లో అందరికీ అందరి యంత్రాల జబ్బులూ తెలుసు.

"నమస్తే. చెప్పండమ్మా, ఏ మెషీను?"

"గీజరండీ." చిన్నవయసు గొంతు, కంగారుగా ఉంది. "కింద సన్న పైపులోంచి నీళ్లు కారుతున్నాయి. చుక్కలు కాదు, ధారే. పొద్దున్నించీ ఆగట్లేదు."

"నల్లా తిప్పితే నీళ్లెలా వస్తున్నాయి?"

"పొగలు కక్కుతున్నాయండీ. చెయ్యి పెట్టలేకపోతున్నాను. సరిగ్గా దానికిందే మా అత్తయ్య కుర్చీ. ఆవిడ నడవలేరు, అందులో కూర్చోబెట్టే స్నానం చేయిస్తాను. ఇప్పుడే కాస్త కన్నంటుకుంది ఆవిడకి. లేవగానే స్నానం అంటారు. ఆ వేడినీళ్లు మీద పడతాయేమోనని..."

మేస్త్రి లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. వెళుతూ వెళుతూ గీజరు పక్కనున్న స్విచ్ నొక్కాడు. దాని ఎర్రదీపం ఆరిపోయింది. ఆ గీజరుకు నీళ్లూ లేవు, కరెంటూ లేదు. స్విచ్ మాత్రం నిజమైనదే. దానికింద ఒక ప్లగ్గు కూడా ఉంది.

"భయపడకండి. లోపల వేడి మితిమీరింది. వేడి చాలగానే కరెంటు ఆపే చిన్న ముక్క ఒకటుంటుంది, అది పాడైనట్టుంది. అందుకే సేఫ్టీ వాల్వు ఆ సన్న పైపులోంచి నీళ్లు బయటికి వదిలేస్తోంది. దాని పని అది చేస్తోంది, మంచిదే. ఆ పైపు చివర ఏమన్నా ఉందా?"

"చిన్న కుళాయి ఉందండీ. ఇదివరకు బాగుచెయ్యడానికొచ్చినాయన పెట్టాడు."

"ఎవడమ్మా ఆ మహానుభావుడు! మనిషి ముక్కుకి మూత పెట్టినట్టు... అక్కడ కుళాయి ఉండనే కూడదు. రేపు ఎవర్నన్నా పిలిచి అది పీకించెయ్యండి, లోపలి ముక్కా, వాల్వూ కూడా మార్పించండి. ఇవాల్టికి అత్తయ్యగారి స్నానం అయ్యేదాకా ఆ కుళాయి కట్టెయ్యండి, చాలు. ఉన్న వేడినీళ్లు స్నానానికి సరిపోతాయి."

ఫోన్‌లో కుళాయి కిర్రుమంది. దాని వెనకాల ఎక్కడో ఒక కుక్క మొరిగింది.

"కట్టేశానండీ... ఆగిపోయింది! అబ్బ, ఆగిపోయిందండీ! ఎంత సులువుగా చెప్పారు! చాలా థాంక్సండీ, అత్తయ్య లేవగానే—"

తెగిపోయింది. నిమిషాలు అయిపోయాయి.

మేస్త్రి సంతోషంగా వచ్చి కూర్చున్నాడు. "అత్తగారంటే ఎంత ఆపేక్షో చూశారా ఆ పిల్లకి" అన్నాడు. లోపల్నించి భార్య, "అత్తగారి మీద ఆపేక్ష నాకూ ఉండేది, ఆవిడకే నా మీద ఉండేది కాదు" అంది. అందరం నవ్వుకున్నాం. కాఫీ తాగాం. ఆయనకు ఇంకో ఫోన్ వచ్చింది, దుర్వాసన వేసే ఫ్రిజ్. అది నడుస్తుండగానే ఆవిడ కుట్టిన పాంట్ల మడతలు అణచడానికి ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి గోడ దగ్గరున్న ప్లగ్గులో పెట్టింది. వేలితో తడి అంటించి చూసింది, చుయ్యిమనలేదు.

"ఏమండీ, ఈ స్విచ్ ఆపింది మీరేనా?" అంది ఆయన ఫోన్ ముగించాక.

"ఆఁ, నేనే. ఇందాక ఆ అమ్మాయి గీజరు గురించి..."

అక్కడ ఆగిపోయాడు. మొహంలో నెత్తురు ఇంకిపోవడం అని పుస్తకాల్లో రాస్తారు. అది కంటితో చూడగలిగే విషయమని నాకు ఆ రోజే తెలిసింది. స్విచ్ వంక చూశాడు, తన చెయ్యి వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

"బాబాయిగారూ, మీరు విన్నారు కదా. ఆ అమ్మాయికి స్విచ్ ఆపమని చెప్పానా నేను?"

నాకు మతిమరుపు లేదు. చిన్నప్పుడు రైల్లో దాటిన స్టేషన్ల పేర్లు ఇప్పటికీ వరసగా అప్పజెబుతాను. అయినా ఎంత వెతుక్కున్నా నాకు వినబడింది స్విచ్ చప్పుడే గాని మాట కాదు. గోడ మీద టక్కుమన్నది వినబడింది. దాంతో నా మనసులో కూడా ఎక్కడో ఆ అమ్మాయి బాత్రూంలో కరెంటు ఆగిపోయింది.

"చెప్పినట్టు గుర్తులేదు" అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పిందాన్ని కూడదీసుకుంటే నాకు అర్థమైంది ఇది. ఇన్నేళ్లలో ఎవరింటికి వెళ్లినా బాత్రూం గడపలో అడుగు పెడుతూనే ఆయన చెయ్యి స్విచ్ మీదికి పోయేది. అది ఆలోచించి చేసింది కాదు, చెప్పులు విప్పినంత మామూలు. ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు, అందుచేత ఆ మాట ఆయన నోటికి అలవాటు కాలేదు. ఇన్నాళ్లూ ఫోన్ చేసినవాళ్లలో చాలామంది భయంకొద్దీ తామే ఆపేసి ఉండేవారు, లేదా "కరెంటు తీసెయ్యాలా" అని అడిగేవారు. ఈ అమ్మాయి అడగలేదు. ఈయన చెయ్యి మాత్రం తన పని తాను చేసేసి, అంతా అయిందని లోపలికి కబురు పంపింది.

"వేడి ఆపే ముక్క పాడైంది. కరెంటు ఆన్‌లోనే ఉంది. ఆవిరి పోయే ఒక్క దారీ నేనే మూయించాను" అన్నాడు. "కుక్కర్ విజిల్ బిగించి పొయ్యి మీద వదిలేసినట్టే. అన్నీ పగలవు. కానీ పగిలితే ఆ కుర్చీ దానికిందే ఉంది."

భార్య ఇస్త్రీపెట్టె కింద పెట్టేసింది. "ఫోన్ చెయ్యండి మళ్లీ, చూస్తారేం!"

ఆయన నొక్కాడు. 'ఈ సంభాషణ ముగిసింది. కస్టమర్ మిమ్మల్ని మళ్లీ ఎంచుకున్నప్పుడు తెలియజేస్తాం' అని వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే వచ్చింది.

కబురందగానే బావమరిది కొట్టు అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. సంగతంతా విన్నాడు. వెంటనే ఫోన్ లాక్కుని, కంపెనీ సహాయ విభాగానికి రాయడం మొదలుపెట్టాడు. అవతల జవాబు చెప్పేది మనిషి కాదు, యంత్రం. 'మీ ఆందోళన మాకు అర్థమైంది' అంది. 'మీ సమస్య చెల్లింపులకు సంబంధించినదా?' అని అడిగింది. కాదన్నాడు. 'మీ ఆందోళన మాకు అర్థమైంది' అంది మళ్లీ.

"దీనెమ్మ కడుపు కాలా, దీనికి అర్థమైనంత మాకు కాలేదు" అని తిట్టి, ఎక్కడెక్కడో నొక్కి, ఎలాగో ఒక మనిషి గొంతు సంపాదించాడు. ఆడపిల్ల. మర్యాదగా మాట్లాడింది. మేస్త్రి ఫోన్ అందుకుని, ముందు చివర కలిపేస్తూ చెప్పాడు. ఆ పిల్ల ఓపిగ్గా అంతా విన్నది.

"సార్, కస్టమర్ నంబర్ నాకు కూడా కనిపించదు. మీ స్క్రీన్ మీద ఏముందో నాకూ అదే కనిపిస్తుంది."

"నీకు కనబడకపోతే కనబడేవాళ్లు ఒకరుంటారు కదమ్మా. వాళ్లని అడుగు. ఆ అమ్మాయితో నేను మాట్లాడక్కర్లేదు. స్విచ్ ఆపమని ఎవరో ఒకరు చెబితే చాలు."

"పై వాళ్లకి రాయడం ఒక్కటే నేను చెయ్యగలిగింది సార్. మీరు చెబుతుండగానే రాశాను, అర్జెంట్ అని కూడా పెట్టాను."

"జవాబెప్పుడొస్తుంది?"

"రెండు పనిదినాల్లో..." ఆ పిల్లకు తన మాట తనకే వినబడిందనుకుంటాను, ఆగిపోయింది. గొంతు బాగా తగ్గించి, "సార్, మా ఇంట్లో కూడా గీజర్ ఉంది. మా అమ్మకి ఫోన్ చేసి ఆపమని చెప్తాను" అంది.

"చెప్పమ్మా, చెప్పు" అన్నాడు మేస్త్రి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అందవలసిన చోటికి అందని మాట, అక్కర్లేని చోట మాత్రం అందింది.

"పోలీసులకి చెబుదాం" అంది భార్య.

"ఏమని చెబుతాం అక్కా? ఊరు తెలీదు, పేరు తెలీదు. మనకి తెలిసింది ఒక గొంతు, ఒక కుక్క. కుక్కలు లేని ఊరు ఎక్కడుంది?" అంటూనే బావమరిది వెళ్లి చెప్పి వచ్చాడు. స్టేషన్లో ఉన్నాయన సాంతం విని, ఇది ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందని అడిగాడట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

తిరిగొచ్చాక అతనికే ఒక ఉపాయం తట్టింది. ఆ అమ్మాయి నక్షత్రాలివ్వడానికి మేస్త్రి బొమ్మ మీద నొక్కితే, బొమ్మ కింద ఆయన గురించి రాసుకున్న రెండు ముక్కలు కనబడతాయి. ఆ ముక్కలు చెరిపి, 'మధ్యాహ్నం గీజరు గురించి ఫోన్ చేసిన అమ్మాయీ, వెంటనే స్విచ్ ఆపు, కుళాయి విప్పు' అని రాశాడు. పంపించగానే, 'మీ మార్పు పరిశీలనలో ఉంది' అని వచ్చింది.

"పరిశీలించు, పరిశీలించు. భూతద్దం కూడా పట్రానా?" అన్నాడు బావమరిది ఫోన్‌తో. ఎవరూ నవ్వలేదు.

ఈలోగా వేరే ఫోన్లు రావడం మొదలైంది. అక్కడే మేస్త్రి ఇరుక్కున్నాడు. ఫోన్ ఎత్తితే ఆయన లైను నిండిపోతుంది, ఆ సమయంలో ఆ అమ్మాయి చేస్తే దొరకదు. ఎత్తకపోతే వరసలో కిందికి జారిపోతాడు, అప్పుడు వెతికినా ఆమెకు కనబడడు. వచ్చిన ఫోన్ ఆమెదే కావచ్చు కనుక ఎత్తక తప్పదు. ఎత్తి, అవతలి గొంతు వినగానే ఆయన మొహం వాడిపోయేది.

"మా వాషింగ్ మెషీను బట్టలు పిండట్లేదండీ, గుండ్రంగా తిరిగి మధ్యలో..."

"బట్టలు తక్కువ వెయ్యండి. ఉంటాను."

"అదేంటండీ! నేను చెప్పనే లేదు ఇంకా! డబ్బు కట్టాను!"

"అమ్మా, తప్పే. క్షమించండి. గీజరుంటే స్విచ్ ఆపండి."

"గీజరేంటి? మా ఇంట్లో గీజరే లేదు!"

"అదృష్టవంతులమ్మా" అని పెట్టేశాడు.

అలా ఎన్ని ఫోన్లు వచ్చాయో. ప్రతిసారీ ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. కోపంతో వాళ్లిచ్చిన నక్షత్రాలకు ఆయన స్థానం మా కళ్లముందే దిగజారింది. కిటికీలో ఎండ పలచబడుతోంది. "లేచి ఉంటుందా ఆవిడ?" అని భార్య ఒకసారి అడిగింది. ఎవరి గురించో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం నిద్ర ముసలివాళ్లకు ఎంతసేపు పడుతుందని నన్ను అడిగారు, ఆ ఇంట్లో ముసలివాణ్ణి నేనే కనుక. "ఒక్కోరోజు ఒక్కోలా" అన్నాను. నా వయసు పనికొచ్చిన జవాబు అంతే.

నల్లా తిప్పితే ఒత్తిడి కాస్త దిగుతుందని, స్నానం మొదలుపెట్టేస్తే ఫరవాలేదని మేస్త్రి తనకు తానే చెప్పుకున్నాడు. మరుక్షణం, స్నానమయ్యాక నల్లా కట్టేస్తుంది కదా అని ఆ మాట తనే కొట్టేశాడు. పొగలు కక్కే నీళ్లు చూసి ఎవరైనా స్విచ్ ఆపుతారు కదా అన్నాడు. పొద్దున్నించీ ఆపలేదు కదా, తనలాంటివాడు ఆపమంటే కదా ఆపేది అన్నాడు. ఆయన వాదించుకుంటున్నంతసేపూ ఎడమచెయ్యి ఆ స్విచ్ మీదే ఉంది. వేస్తున్నాడు, ఆపుతున్నాడు. ఎర్రదీపం వెలుగుతోంది, ఆరుతోంది. చివరికి భార్య వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

వీధి దీపాలు వెలిగే వేళకు ఫోన్‌లో ఒక కబురొచ్చింది. నలుగురం తలలు ఆనించి చదివాం. మేస్త్రి బొమ్మ కింద రాసిన మాటలు నియమాలకు విరుద్ధమట, కస్టమర్‌తో విడిగా సంబంధం పెట్టుకునే ప్రయత్నమట. సంభాషణలు మధ్యలో ముగిస్తున్నట్టు ఫిర్యాదులు కూడా ఉన్నాయట. కనుక ఖాతా ఒక వారం పాటు నిలిపివేయడమైనది.

ఆ వాక్యం చదివాక ఆయన అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "ఇప్పుడు ఆ అమ్మాయి చేసినా మోగదన్నమాట."

ఆ వారం ఎలా గడిచిందో చూసినవాణ్ణి నేను. తెల్లారగానే నా పేపరు నాకంటే ముందు ఆయనే లాక్కుని, మూలమూలనున్న ప్రమాద వార్తలన్నీ చదివేవాడు. లారీలు, బావులు, అగ్గిపుల్లలు. గీజరు కనబడకపోతే ఊపిరి పీల్చుకునేవాడు, అంతలోనే "అన్నీ పేపర్లో వేస్తారా ఏంటి" అనేవాడు. నిజమే, లోకంలో జరిగేదాంట్లో పేపర్లోకెక్కేది ఎంత? సాయంత్రాలు వీధిలో తిరిగి, గుమ్మాల్లో కూర్చున్నవాళ్లను గీజరు స్విచ్ ఆపారా అని అడిగేవాడు. మొదట్లో ఆపామని చెప్పారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత ఆయన రావడం చూసి తలుపులు దగ్గరికి వేసుకున్నారు. 'స్విచ్ మేస్త్రి' అని పేరు కూడా పెట్టారు. బావమరిది ఆ పేరు పెట్టిన వాడెవడో కనుక్కుని వాడితో కలబడి, చొక్కా గుండీలు తెంపుకొచ్చాడు. అక్క మాట్లాడకుండా కొత్త గుండీలు కుట్టింది.

కంపెనీ పై వాళ్ల దగ్గర్నించి జవాబు రానే వచ్చింది. కస్టమర్ల గోప్యత తమకు అత్యంత ముఖ్యమని, మేస్త్రి అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నామని అందులో ఉంది.

వారం అయ్యాక ఖాతా తెరుచుకుంది. బావమరిదే తెరిచాడు. ఎవరు ఎన్ని నక్షత్రాలిచ్చారో, ఏం రాశారో కంపెనీ వారానికోసారి గాని చూపించదు కనుక, ఆ మధ్యాహ్నం నించి పోగుపడ్డవన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఎక్కువభాగం తిట్లే. వాటి నడుమ ఒకటి చూసి వాడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"బావా! ఇదిగో! గీజరు అమ్మాయి! అయిదు నక్షత్రాలు!"

వాడి చేతిలోంచి తీసుకుని మేస్త్రి చదివాడు. తర్వాత ఫోన్ నాకిచ్చాడు. 'చాలా ఓపిగ్గా మాట్లాడారు. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. వెంటనే నీళ్లు ఆగిపోయాయి' అని ఉంది. పేరు లేదు.

"బతికే ఉంది బావా! నక్షత్రాలు ఇచ్చిందంటే బతికున్నట్టే కదా! అక్కా, కాఫీ పెట్టవే!" అని బావమరిది గంతులేస్తున్నాడు.

"ఎప్పుడు రాసిందో చూడు" అన్నాడు మేస్త్రి.

వాడు చూశాడు. గంటా లేదు, తేదీ లేదు. 'గత వారం' అని మాత్రమే ఉంది.

"ఫోన్ తెగిపోగానే నక్షత్రాలు ఇవ్వమని అడుగుతుంది కదా వాళ్లని. అప్పుడే ఇచ్చి ఉంటుంది. నీళ్లు ఆగిన సంతోషంలో" అన్నాడు మేస్త్రి. "స్నానం సంగతి ఏమన్నా రాసిందా అందులో? అత్తయ్య సంగతి రాసిందా?"

బావమరిది ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనకాల ఏమన్నా రాసుంటుందన్నట్టు. అక్క కాఫీ గిన్నె పట్టుకుని వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆ అయిదు నక్షత్రాల కింద ఒక బొత్తాం ఉంది. 'ధన్యవాదాలు చెప్పండి' అని దాని మీద రాసుంది. అది నొక్కితే కంపెనీవారు తయారుచేసి పెట్టిన ఒక వాక్యం ఆ కస్టమరుకు వెళుతుంది. దానికి ఒక్క అక్షరం కూడా కలపడానికి వీల్లేదు. అయితే అవతలివాళ్లు దాన్ని తెరిచి చూస్తే, పక్కనే 'చూశారు' అన్న మాట కనబడుతుందని బావమరిది చెప్పాడు. తెరవాలంటే మనిషి ఉండాలి కదా అని కూడా అన్నాడు, ఈసారి గొంతు పెంచకుండా.

మేస్త్రి నొక్కాడు. ధన్యవాదాలు వెళ్లాయి.

ఆ నెలాఖరున నేను పెట్టె కట్టుకున్నాను. వెళ్లేముందు నడిమి గదిలోకి తొంగిచూస్తే ఆయన వాషింగ్ మెషీను పక్కన నిలబడి ఎవరికో చెబుతున్నాడు. "ముందు స్విచ్ ఆపండి. ఆపారా? చెయ్యి అక్కడే పెట్టి చెప్పండి, ఆపారా?" అవతలివాళ్లు విసుక్కుంటున్నారు. మాట ముగియగానే ఆయన వేరే పేజీకి వెళ్లి, ఆ పాత ధన్యవాదాల పక్కన చూసుకున్నాడు. నేను గుమ్మంలో ఉన్నానని గమనించి ఫోన్ నా వైపు తిప్పాడు.

'పంపబడింది' అని ఉంది, అంతే.

"కొందరు ఇలాంటివి తెరవనే తెరవరు బాబాయిగారూ" అన్నాడు. "నేనూ తెరవను."

ఔనన్నాను. ఇంకో ఫోన్ మోగింది. ఆయన ఫ్రిజ్ వైపు నడిచాడు.